వెన్న పోయిన దారి

1995 సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ, సోమవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన నాలుగున్నరకు ఆగింది. గాలి లేదు. కాలువగట్టు మీది కొబ్బరి మట్టల నుంచి నీటిచుక్కలు ఇంకా పాలకేంద్రం రేకుల మీద రాలుతున్నాయి. లోపల గోడకు తగిలించిన థర్మామీటరులో ఇరవై ఆరు డిగ్రీలు. పాల చిక్కదనాన్ని కొలిచే లాక్టోమీటరు ఇరవై ఏడు డిగ్రీల దగ్గర సరైన అంకె చూపిస్తుంది కనుక, లోవలక్ష్మి రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ వేడిని చూసి పలక మీద రాసుకునేది. ఒక డిగ్రీ తేడాకు ఎంత కలపాలో, ఎంత తీసెయ్యాలో ఆమెకు నోటికి వచ్చు. అయినా రాసుకునేది.

రావులపాలేనికి తూర్పున ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో పాలు పోసే ఇళ్ళు నూటపది దాకా ఉన్నాయి. పోసిన ప్రతి క్యాను నుంచీ ఒక సీసాలోకి కొంచెం పాలు తీసి, మీద చీటీ అంటించి, వ్యాను వెళ్ళిపోయాక వెన్న ఎంత ఉందో పరీక్ష చెయ్యడం లోవలక్ష్మి పని. ముప్పై ఏళ్ళ మనిషి. కుడిచేతి రెండు వేళ్ళ మీద యాసిడ్ పడిన పసుపు మచ్చలు ఉంటాయి. వాటిని ఆమె ఎప్పుడూ కొంగు కింద దాచుకోలేదు.

నూకరత్నం వరసలో ఏడో మనిషి. రెండున్నర లీటర్ల పాలు పోసి, ఖాళీ క్యాను తలకిందులుగా పట్టుకుని చివరి చుక్క వరకూ రాలనిచ్చింది.

"నిన్నటి అంకె ఎంతొచ్చింది లక్ష్మీ?" అని అడిగింది. ఆమెకు నలభై రెండేళ్ళు. లోవలక్ష్మి తల్లికి వరసకు చెల్లెలు.

"తక్కువే వచ్చింది" అంది లోవలక్ష్మి, సీసా మీద చీటీ అంటిస్తూ. ఇతర రోజుల్లో అయితే ఆ మాట చివర 'పిన్నీ' అని ఉండేది.

ఆరూ నలభై అయిదుకు వ్యాను వచ్చింది. డ్రైవరు బుల్లియ్య దిగుతూనే, ఎక్సైజు వాళ్ళు అడ్డరోడ్డు దగ్గర క్యాన్ల మూతలన్నీ తీయించారనీ, లోపల చేతికర్ర పెట్టి కలిపి చూశారనీ చెప్పాడు. జనవరిలో మద్యనిషేధం వచ్చినప్పటి నుంచీ నిషేధం లేని యానాం వైపు నుంచి వచ్చే ఏ పాత్రనూ ఎవరూ నమ్మడం లేదు. "పాలని చెప్తే నవ్వుతున్నారండి. పాలైతే ఇంత తెల్లగా ఎందుకున్నాయని అడిగేలా ఉన్నారు" అన్నాడు బుల్లియ్య. ఆ సంవత్సరం స్వభావమే అంత. నెల మొదట్లో హైదరాబాదులో ముఖ్యమంత్రి మారారు. ఎవరు ఎవరిని నమ్మించి ఏం చేశారన్నది ప్రతి అరుగు మీదా వాదనే. ఆగస్టులో పాలు చేరే శీతలకేంద్రం వాళ్ళు వెన్న చాలలేదని ఊరి పాలన్నీ రెండుసార్లు తిప్పి పంపారు. ఆ తరవాత సంఘం ఒక నియమం పెట్టింది. వరసగా మూడు రోజులు ఎవరి పాలలో అయినా వెన్న ఐదు శాతానికి తగ్గితే, వాళ్ళ పేరు వసారాలోని నల్లబల్ల మీద రాస్తారు. పదిహేను రోజులు పాలు తీసుకోరు. మోసం రుజువైతే సర్వసభ్య సమావేశంలో సభ్యత్వమే తీసేస్తారు. సభ్యత్వం పోయినవాళ్ళ గొడ్డుకు దాణా ఇవ్వరు. సంఘం పశువుల డాక్టరు వాళ్ళ పాక తొక్కడు.

వ్యాను వెళ్ళాక లోవలక్ష్మి తలుపు ఓరగా వేసి పరీక్షకు కూర్చుంది. గాజు గొట్టాల్లో ముందు యాసిడ్, దాని మీద నిదానంగా పక్కగోడ వెంట జారేటట్టు పాలు, ఆ పైన చిన్న కొలత మందు. బిరడా బిగించి గుడ్డలో చుట్టి ఊపితే గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. తెల్లటి పాలు కాఫీరంగుకు తిరుగుతాయి. విడతకు పన్నెండు గొట్టాలను చక్రంలో అమర్చి అయిదు నిమిషాలు చేత్తో తిప్పింది. వేడినీళ్ళలో నిలబెట్టి, ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు ఎత్తి, పైకి తేలిన పసుపుపచ్చని వెన్న గీతను చదివింది.

నూకరత్నం గొట్టంలో నాలుగు పాయింటు ఎనిమిది. శనివారం నాలుగు పాయింటు తొమ్మిది. ఆదివారం నాలుగు పాయింటు ఏడు.

నీళ్ళు కలిపితే లాక్టోమీటరు మునిగిపోయి అంకె తగ్గాలి. నూకరత్నం పాలలో అది ముప్పై ఒకటి దగ్గర నిక్కచ్చిగా నిలబడింది. కనుక నీళ్ళు కాదు. చిక్కదనం చెడకుండా వెన్న మాత్రమే తగ్గాలంటే మీగడ తీసి ఉండాలి. ఆమె ఉదయం పాలు మాత్రమే కేంద్రానికి పోస్తుంది. సాయంత్రం పాలు ఇంట్లో ఉంటాయి. రాత్రి నిలవ ఉన్న పాల మీద తేరిన మీగడ తీసి, మిగిలినవి తెల్లవారి పాలలో కలిపితే సరిగ్గా ఈ అంకెలే వస్తాయి. ఈ తర్కంలో లోవలక్ష్మికి ఎక్కడా సందు కనిపించలేదు. సుద్దముక్క తీసుకుని వసారాలోకి వెళ్ళి, పేరు గుండ్రటి అక్షరాలతో రాసింది. రాశాక కాస్త వెనక్కి జరిగి, వరస వంకర పోయిందేమో చూసుకుంది.

మంగళవారం తెల్లవారుజామున ఆ పేరును నూకరత్నం కంటే ముందు వరసలో ఉన్న ఇరవై మందీ చదివారు. చదువురానివాళ్ళకు చదివినవాళ్ళు చెప్పారు. ఆమె క్యాను పట్టుకుని వసారా మెట్టెక్కేసరికి మాటలు ఆగిపోయాయి.

"మీ పాలు తీసుకోడానికి లేదండి నూకరత్నంగారూ" అంది లోవలక్ష్మి.

నూకరత్నం బల్లవైపు చూడలేదు. ఆ 'గారూ' అన్న మాట దగ్గరే ఆగిపోయి, ఆమె మొహంలోకి చూసింది.

"నేను నీళ్ళు కలపలేదమ్మా."

"నీళ్ళు కలిపారని నేననలేదండి. మీగడ తీశారు. ఎక్కడ, ఏ కుండలో తీసి పెడుతున్నారో నాకు తెలీదు, తీస్తున్నారని మాత్రం తెలుసు."

"మా ఇంట్లో అంత మీగడ తీసే కుండే లేదు. పొద్దుటి పాలు పిండి పిండగానే తెత్తాను. కావాలంటే క్యాను పట్టుకు చూడు, ఇంకా గోరువెచ్చగానే ఉంది."

లోవలక్ష్మి పట్టుకుని చూడలేదు. చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉంది క్యాను. చెయ్యి చెప్పే మాటకు అంకె ఉండదని ఆమె నమ్మకం.

వెనక నిలబడ్డ ముసలయ్య గొంతు సవరించుకున్నాడు. "నెయ్యి తీసుంటే మాకూ ఓ చుక్క పంపవే రత్నం. పప్పులో వేసుకుంటాం."

"ముందు నీ చెంబులో నీళ్ళు వేరే గిన్నెలోకి వంచుకో బాబాయ్. నెయ్యి సంగతి తరవాత చూద్దాం" అంది నూకరత్నం.

కొందరు నవ్వారు. ముసలయ్య కూడా నవ్వాడు, కానీ చెంబును కొంచెం వెనక్కి పట్టుకున్నాడు. నూకరత్నం మెట్టు దిగింది. నిండు క్యానుతో వచ్చిన దారినే తిరిగి వెళ్ళడం ఆ ఊళ్ళో ఎవరూ చూడకుండా జరిగే పని కాదు. కాలువ వంతెన దాటేవరకూ వరసలో ఉన్నవాళ్ళు ఆమెను చూస్తూనే ఉన్నారు. ఆ తరవాత ఒకరి క్యానులోకి ఒకరు చూసుకున్నారు.

గురువారం, ఇరవై ఒకటో తేదీ. మధ్యాహ్నం రెండు గంటలకు ఎండ పెళ్ళున కాస్తోంది. ముప్పై నాలుగు డిగ్రీలు. వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త ఊళ్ళోకి ఎస్టీడీ బూత్ ద్వారా వచ్చింది. రాజమండ్రి నుంచి ఎవరి తమ్ముడో ఫోను చేశాడు. ఢిల్లీలో తెల్లవారుజాము నుంచే తాగుతున్నాడట. మూడు గంటలకల్లా శివాలయంలోని చిన్న వినాయకుడి ముందు గ్లాసులు, చెంచాలు పట్టుకున్న జనం గాలిగోపురం దాటి వీధిలోకి వచ్చేశారు. మహాలయ పక్షాల్లో ఇలాంటివి శుభమో అశుభమో తేలక పూజారి తలుపు పక్కనే నిలబడిపోయాడు.

నాలుగున్నరకు పాలకేంద్రం తెరిస్తే ఒక్కరూ రాలేదు. అయిదింటికి సంఘం అధ్యక్షుడు పెద్దిరాజు స్కూటరు మీద వచ్చాడు. మడత నలగని చొక్కా, చంకలో తోలుసంచి.

"ఒక్క క్యానూ రాలేదా?"

"లేదండి."

"అన్ని ఊళ్ళూ ఇంతేనంట. శీతలకేంద్రం వాళ్ళు ఫోను మీద ఫోను. పట్నంలో రేపు పిల్లలకి పాలుండవంటన్నారు. ఎవరి దగ్గరుంటే వాళ్ళ దగ్గర తీసుకో. బోర్డు మీదున్నాళ్ళవైనా సరే. ఈ పూటకి నేనే కబురు పెడతాను."

కబురు వెళ్ళి మనుషులు వచ్చేలోపు లోవలక్ష్మి గుడికి వెళ్ళింది. భక్తితో కాదు. చెంచాడు పాలు రాతి తొండం దగ్గర పెడితే మాయమవుతున్నాయని ఇంతమంది చెబుతుంటే, అవి ఎక్కడికి వెళ్తున్నాయో చూడాలనిపించింది. తన వంతు వచ్చేదాకా నిలబడింది. చెంచా తొండానికి ఆనించి, కొంచెం వాల్చి పట్టుకుంది. పాలు నిజంగానే తగ్గాయి. అందరూ చెంచా వైపు చూస్తున్నప్పుడు ఆమె కిందికి వంగి తొండం అడుగున చూసింది. తడిసిన నల్లరాతి మీద వెంట్రుకంత సన్నటి తెల్లచార; తొండం వెంట దిగి, బొజ్జ మడతలో కలిసి, పీఠం వెనక నీళ్ళు పోయే తూములోకి. వేలితో తాకి, వేలు వెలుగులో పెట్టి చూసింది.

"తాగట్లేదండి. కిందికి జారిపోతున్నాయి. ఇదిగో, చూడండి" అంది పక్కావిడతో.

"తాగినవాడు మూతి తుడుచుకోడా అమ్మా? ఆమాత్రం కారదా?" అంది ఆవిడ.

"వచ్చే నెల్లో సూర్యుడు కూడా మాయమవుతాడంట, ఆ గ్రహణం కూడా ఈవిడే ఆపుతాదేమో" అన్నారెవరో వెనక నుంచి. "గొట్టంలో పోసి చూడమ్మా స్వామిని."

లోవలక్ష్మికి కోపం రాలేదు. మెట్లు దిగుతున్నప్పుడు ఆమె మనసు కుదురుగా, చల్లగా ఉంది. ఏ పదార్థమూ మాయం కాదు. కళ్ళు ఒకచోట ఉంటే అది ఇంకోచోట నుంచి వెళ్ళిపోతుంది. దారి వెతికేవాళ్ళకు దారి కనిపిస్తుంది.

కేంద్రం దగ్గర నూకరత్నం ఒక్కతే నిలబడి ఉంది. క్యాను అడుగున లీటరున్నర పాలు.

"పెద్దిరాజుగారు కబురెడితే వచ్చాను" అంది. "ఇవాళ వీధంతా గరిటెడు, గరిటెడు అంటూ ఇంటి మీదకొచ్చారు. గుడికంటే కాదనలేను కదా. ముందు పిండినవి వాళ్ళకే అయిపోయినాయి. పాపం, దూడని కట్టేసి దాని నోటికి కూడా మిగల్చకుండా పిండాను. ఇంతే ఉన్నాయి."

లోవలక్ష్మి ఆ మాటలు విన్నది. వినడం వేరు, లెక్కలోకి తీసుకోవడం వేరు. కొలత చూసి, సీసాలోకి తీసి, చీటీ అంటించి, ఒక్క సీసానే కనుక వెంటనే పరీక్షకు పెట్టింది. దీపం వెలుగులో గొట్టం ఎత్తి చూసింది. దించి, మళ్ళీ వేడినీళ్ళలో పెట్టి, మళ్ళీ ఎత్తింది.

తొమ్మిది పాయింటు ఒకటి.

శుక్రవారం పొద్దున్నే ఆమె నాలుగు అంకెలనూ ఒక కాగితం మీద వరసగా రాసి పెద్దిరాజు ఇంటికి తీసుకెళ్ళింది. అతను వసారాలో పేపరు చదువుతున్నాడు. పేపరు నిండా వినాయకుళ్ళే.

"అదే గేదె, అదే మేత, మూడు రోజుల తేడా" అంది లోవలక్ష్మి.

పెద్దిరాజు కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివాడు. "అంటే పేరు బోర్డెక్కాక తియ్యడం మానేసిందన్నమాట. ఇంకేం కావాలి రుజువు? నువ్వు అనుమానించింది నిజమేనని అదే చెప్పింది కదా." కాగితం తిరిగి ఇచ్చాడు. "కింద సంతకం పెట్టి ఇయ్యి. ఆదివారం మీటింగులో సభ్యత్వం తీసేద్దాం. ఒక్కళ్ళని తీసేస్తే మిగతావాళ్ళు సర్దుకుంటారు."

ఆమె కలం తీసింది. సంతకం పెట్టే ముందు, రాసిన ప్రతిదాన్నీ ఒకసారి చదివే అలవాటు ఆమెది. తొమ్మిది పాయింటు ఒకటి దగ్గర కలం ఆగింది. తను పరీక్ష చేస్తున్న నాలుగేళ్ళలో ఆ ఊరి గేదె ఏదీ ఎనిమిదిన్నర దాటలేదు. మీగడ తియ్యడం మానేస్తే పాలు వాటి అసలు స్థాయికి రావాలి. ఏడు, మహా అయితే ఏడున్నర. పైన ఉన్న ఒకటిన్నర ఎక్కడి నుంచి వచ్చింది? పాలలోంచి వెన్న తీసేవాళ్ళుంటారు గానీ, కేంద్రానికి పోసే పాలలో ఇంట్లోని వెన్న తెచ్చి కలిపేవాళ్ళుండరు. పరీక్షను మోసం చెయ్యడానికి కలిపితే తప్ప.

"సంతకం ఆదివారం పెడతానండి" అంది.

"ఏం, ఇంకా అనుమానమా?"

"ఇంకోటి చూడాలండి."

పెద్దిరాజు పేపరు మడిచాడు. "మీ పిన్నే కదా వరసకి" అన్నాడు. ఆ మాటలోని అనుమానం తన మీదికి తిరిగిందని లోవలక్ష్మికి అర్థమవడానికి గేటు దాటేంత సేపు పట్టింది.

శనివారం ఉదయం అయిదు గంటలకు ఆకాశం నిర్మలంగా ఉంది. కాలువ మీద మోకాలెత్తు మంచు. లోవలక్ష్మి సంచిలో నాలుగు ఖాళీ సీసాలు వేసుకుని, చెప్పకుండా నూకరత్నం పాకలోకి వెళ్ళింది. లోపలికి వెళ్తూనే ఆమె కళ్ళు మీగడ కుండ కోసం, కవ్వం కోసం, వెన్న ఉన్న గిన్నె కోసం వెతికాయి. ఉట్టి మీద ఒకే ఒక పెరుగుముంత ఉంది. గేదె ముందు తవుడు తొట్టె దగ్గర నూకరత్నం అత్త తలుపులమ్మ గొంతుక్కూర్చుని తవుడు తడుపుతోంది. తలెత్తి చూసింది.

"ఎవరు, లక్ష్మా? బోర్డు ఇంటికి కూడా తెచ్చావా ఏంటి?"

"లేదండి. పాలు పిండడం చూద్దామని వచ్చాను."

"చూడు. చూడ్డానికి టిక్కెట్టు లేదు."

నూకరత్నం దూడ దగ్గరికి నడిచింది. దూడను విప్పింది. అది పెయ్యదూడ, మూడు నెలలది, డొక్కలు లోపలికి పీక్కుపోయి ఉంది. పొదుగును నాలుగుసార్లు కుమ్మింది. గేదె పాలు చేపి, చన్నులు బిగిశాయి. నూకరత్నం దూడను లాగి తల్లి మొహం దగ్గర కట్టేసింది. గేదె దాని వీపు నాకసాగింది. ఆమె పొదుగు కడిగి, బొటనవేలికి కొబ్బరినూనె రాసుకుని, బకెట్టు మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. వెనక కుడి చన్ను మీద పసుపు మెత్తి ఉంది. దాన్ని మాత్రం రెండు వేళ్ళతో, గాయం మీదికి రాకుండా, పువ్వు తుంచినట్టు పిండింది. మొదటి ధారలు బకెట్టు అడుగున టంగుమన్నాయి. కాసేపటికి చప్పుడు మెత్తబడి, నురగలోకి దిగిపోయింది.

బకెట్టులో రెండున్నర లీటర్ల దాకా పడ్డాక నూకరత్నం చేతులు తీసేసి, లేచి, దూడ తలుగు విప్పబోయింది.

"ఇంకా ఉన్నాయి కదా పాలు" అంది లోవలక్ష్మి.

"ఉన్నాయి. అవి దానివి."

"ఎప్పుడూ ఇలాగేనా? చివర వదిలేస్తారా?"

"ఇదివరకు ఒక చన్ను పూర్తిగా దానికి వదిలేదాన్ని. అందరూ చేసేదే. ఆ చన్ను చిట్లింది, ఎనిమిది రోజులవుతోంది. దూడ మూతి పెడితే గేదె తంతాంది. అందుకని దాన్ని నేను నెమ్మదిగా పిండేసి, మిగతా మూడింట్లో చివరివి దానికి ఉంచుతున్నా."

లోవలక్ష్మి చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. ఎనిమిది రోజులు. పాకలో ఈగల చప్పుడు, గేదె తవుడు జుర్రుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. కుండ కోసం వెతుకుతున్న ఆమె కళ్ళు మొదటిసారి దూడ మూతి మీద నిలిచాయి.

"సాయంత్రం నాకోసం మూడు సీసాలు పట్టి ఇస్తారా? కాదు, ఇప్పుడే. ఒక్క పది ధారలు, దూడని విప్పకముందు" అంది. బకెట్టులోంచి ఒక సీసా ముంచుకుంది. మొదటి ధారలు ఎలాగూ కలిసిపోయాయి కనుక, పక్క పాకలో అప్పుడే పితకడానికి కూర్చున్న మనిషిని బతిమాలి, అక్కడ మొదటి ధార ఒక సీసాలోకీ, ఆ గేదె చివరి ధార ఇంకో సీసాలోకీ పట్టింది. నూకరత్నం చివరి పది ధారలూ నాలుగో సీసాలోకి పిండి ఇచ్చింది.

"దాని నోటికాడి దానిక్కూడా లెక్కేనా" అంది తలుపులమ్మ. ఆ తరవాత తలుగు తనే విప్పింది.

ఏడున్నరకు లోవలక్ష్మి గొట్టాలను వెలుగుకు ఎత్తింది. పక్కింటి గేదె మొదటి ధారలో రెండు పాయింటు తొమ్మిది. చివరి ధారలో పది పాయింటు నాలుగు. నూకరత్నం బకెట్టులో నాలుగు పాయింటు ఎనిమిది. ఆమె దూడకు వదిలిన పాలలో పది పాయింటు ఆరు. రెండోసారి చదవడానికి గొట్టాలను నీళ్ళలోకి దించింది గానీ, ఎత్తలేదు. అవసరం కనిపించలేదు. పొదుగులో వెన్న చివరికి దిగుతుంది. అయిదు రోజులుగా ఆమె వెతుకుతున్న మీగడ ఎండిపోయిన ఆ దూడ డొక్కలోకి పోయింది. గురువారం ముందు పిండిన పలచటి పాలు గుడికి పోయి, దూడను కూడా కట్టేశారు కనుక గొట్టంలోకి వచ్చింది. ఆ సంగతి నూకరత్నం తనకు తానుగా, అడగకుండానే, కేంద్రం గుమ్మంలో నిలబడి చెప్పింది.

తొమ్మిదింటికి మళ్ళీ వెళ్ళింది. నూకరత్నం పేడ ఎత్తుతోంది. లోవలక్ష్మి పాక గుమ్మంలో నిలబడి, పాఠం ఒప్పజెప్పినట్టు నాలుగు అంకెలూ చెప్పి, వాటి అర్థం చెప్పింది.

తలుపులమ్మ ఓపికగా విన్నది. "ఇది తెలుసుకోడానికి అంత యాసిడ్ కావాలేంటమ్మా?" అంది. "చివరి ధారలో సారం ఉంటాదనే కదా దూడకి వదిలేది. మొదటి నీళ్ళపాలు తాగి ఏం లేత్తాది అది?"

"మీకు ముందే తెలుసా?"

"తెలీక పశువుల్ని కాశామా ఇన్నేళ్ళూ."

లోవలక్ష్మి నూకరత్నం వైపు తిరిగింది. "మరి మంగళవారం ఈ ముక్క చెప్పలేదేం పిన్నీ?"

నూకరత్నం తట్ట కింద పెట్టి, చేతులు వరిగడ్డికి తుడుచుకుంది. "మంగళవారం నువ్వడిగింది మీగడ ఏ కుండలో దాచానని. దానికి జవాబు చెప్పాను. గేదెని ఎలా పిండుతున్నావని అడగలేదు."



"పేరు ఇప్పుడే చెరిపేస్తాను. రేపు మీటింగులో చెప్తాను" అంది లోవలక్ష్మి.

"అందరి ముందరా?"

"అందరి ముందరా."

"చెప్పు" అంది నూకరత్నం. తట్ట ఎత్తుకుని బయటికి వెళ్ళింది.

ఆదివారం పది గంటలకు బడి వసారాలో సమావేశం. మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు చాపల మీద. పెద్దిరాజు ముందు కూర్చుని, తోలుసంచిలోంచి తీసిన కాగితం లోవలక్ష్మి ముందుకు జరిపాడు, సంతకం కోసం. ఆమె దాన్ని పక్కకు పెట్టి లేచి నిలబడింది. ఏ రోజు ఏ అంకె వచ్చిందో, తను ఏమనుకుందో, ఎందుకు తప్పయిందో, ఒకదాని వెనక ఒకటి చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. "పాలలో మోసం లేదు. నా అనుమానంలో తప్పుంది" అని ముగించింది.

పెద్దిరాజు దగ్గాడు. "అయితే ఇంకేం, మంచిదే కదా. పేరు ఎలాగూ చెరిపేశావంట. తరవాతి విషయం జనుము విత్తనాలు..."

"ఒక్క మాటండి." ముసలయ్య బెంచీ మీది నుంచి లేచాడు. ఈసారి అతని మొహంలో వేళాకోళం లేదు. "అమ్మాయ్, పోయిన చలికాలం పెద్దింట్లమ్మ పాలు తక్కువొచ్చినాయని వారంరోజులు వెనక్కి పంపావు కదా. అప్పటికి బోర్డు లేదు గానీ, నువ్వే అందరి ముందూ మీగడ తీసిందని అన్నావు. ఆవిడ సిగ్గుపడి గేదెనమ్మేసి సామర్లకోట కూతురి దగ్గరికి పోయింది. ఆ పాలకి ఆ లాక్టోమీటరు బుడ్డి ఎంత చూపించిందో రాసుందా?"

లోవలక్ష్మి పాత రిజిస్టరు తెప్పించింది. పేజీలు తిప్పింది. డిసెంబరులో ఒక పేజీ మీద వేలు ఆపింది.

"ముప్పై ఒకటిన్నర" అంది.

"అంటే నీళ్ళు కాదు."

"కాదండి."

"మరి ఆవిడ దూడకి ఎలా వదిలేదో?"

ఎవరో ఒకరు చెబుతారేమోనని ఆమె చాపల వైపు చూసింది. పెద్దింట్లమ్మ ఇంటి పక్కవాళ్ళు తలలు వంచుకున్నారు. వాళ్ళు కూడా ఆ రోజుల్లో గోడ మీది నుంచి కుండల కోసమే తొంగి చూశారు.

"నేను అడగలేదండి" అంది లోవలక్ష్మి.

ముసలయ్య కూర్చున్నాడు. పెద్దిరాజు జనుము విత్తనాల విషయం చదివాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. సమావేశం ముగిసి జనం లేస్తున్నప్పుడు లోవలక్ష్మి ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని నూకరత్నం దగ్గరికి వచ్చింది.

"డాక్టరుగారిని రేపు మీ ఇంటికి పంపుతాను పిన్నీ, చన్ను చూడ్డానికి. పొద్దున్నే పాలు తెస్తారు కదా? దూడకి ఎలా వదిలినా సరే, నేను రాసుకుంటాను."

నూకరత్నం కొంగు బిగించుకుని, ఆమె చేతివేళ్ళ మీది పసుపు మచ్చల వైపు కాసేపు చూసింది.

"చూత్తానమ్మా" అంది.

సోమవారం డాక్టరు వెళ్ళాడు, మందు రాసిచ్చాడు. నెల తిరిగేసరికి చన్ను మానింది. పాలకేంద్రం 2001 మే నెలలో మూతపడింది. సభ్యుల పట్టీలో నూకరత్నం పేరు ఆఖరి రోజు వరకూ ఉంది; ఆమె ఆ అయిదేళ్ళ ఎనిమిది నెలలూ పాలను రావులపాలెం సెంటరులోని ఒక కాఫీ హోటలుకు పోసింది.